ఆరన్ బర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: లాయరు, వైస్ ప్రెసిడెంటు, దేశద్రోహం కేసులో ముద్దాయి

హామిల్టన్ మీద వచ్చిన సంగీత నాటకం చూసినవాళ్ళు, న్యూజెర్సీకి కొత్తగా వచ్చి వీహాకెన్‌లో ఆ విగ్రహం ఎవరిదా అని ఆగినవాళ్ళు, అమెరికా పౌరసత్వం పరీక్షకి చదువుతూ చదువుతూ చరిత్రలోకి జారిపోయినవాళ్ళు... అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. అందుకని అన్నీ ఒకచోట పెట్టేశాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా: నేను బర్‌ని మొదట లాయరుగా చూస్తాను, నాయకుడిగా ఆ తర్వాతే. మీకు అలా అనిపించకపోతే పేచీ లేదు.

## పుట్టుక, చదువు, యుద్ధం

ఆరన్ బర్ అంటే అసలు ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1756 నుంచి 1836 దాకా బతికిన న్యూయార్క్ లాయరు. అమెరికా మూడో వైస్ ప్రెసిడెంటు, 1801 నుంచి 1805 వరకు. పదవిలో ఉండగానే, అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్‌ని డ్యూయెల్‌లో (ముందే ఒప్పుకుని ఎదురెదురుగా పిస్తోళ్ళు పట్టుకునే పోరులో) కాల్చాడు, పదవి దిగిన రెండేళ్ళకి దేశద్రోహం కేసులో బోనెక్కాడు, నిర్దోషిగా బయటికొచ్చాడు, మళ్ళీ నల్లకోటు వేసుకుని ఇరవై ఏళ్ళు ప్రాక్టీసు చేశాడు. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు.

పెద్దింటి పిల్లాడేనా? అమ్మానాన్నలు ఎవరు?

పేరున్న ఇల్లే, కానీ ఆ ఇల్లు ఆయనకి మిగల్లేదు. తండ్రి పేరు కూడా ఆరన్ బరే, ప్రెస్బిటేరియన్ పాస్టరు, ఇప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ అంటున్న కాలేజీకి రెండో అధ్యక్షుడు. తల్లి ఎస్తర్, ఆ కాలంలో అమెరికా మొత్తానికి తెలిసిన మతపండితుడు జోనథన్ ఎడ్వర్డ్స్ కూతురు. 1757 సెప్టెంబరులో తండ్రి పోయాడు. ఆ ఉద్యోగంలోకి వచ్చిన తాతగారు 1758 మార్చిలో మశూచి టీకా వికటించి పోయాడు. ఏప్రిల్‌లో తల్లి, అక్టోబరులో అమ్మమ్మ. అంటే మూడేళ్ళు నిండకముందే ఇంట్లో పెద్దలంతా వెళ్ళిపోయారు. ఆయన్నీ, అక్క శాలీనీ మేనమామ తిమోతి ఎడ్వర్డ్స్ పెంచాడు. మేనమామ బాగా కఠినుడు, పిల్లాడు ఇంట్లోంచి పారిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

పదమూడేళ్ళకే కాలేజీలో చేరాడంటారు, నిజమా?

నిజమే. ప్రిన్స్‌టన్‌లో నేరుగా రెండో సంవత్సరంలో తీసుకున్నారు, 1772లో పదహారేళ్ళకి డిగ్రీ పూర్తి చేశాడు. అప్పట్లో కాలేజీకి చిన్నవయసులోనే వెళ్ళేవాళ్ళు కాబట్టి ఇప్పటి లెక్కలో చూసి మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు, కానీ తెలివైనవాడన్న సంగతిలో మాత్రం శత్రువులకి కూడా అనుమానం లేదు.

తండ్రీ తాతా పాస్టర్లు కదా, ఈయన లాయరు ఎలా అయ్యాడు?

మొదట మతశాస్త్రమే చదివాడు, కనెక్టికట్‌లో జోసెఫ్ బెల్లమీ అనే పాస్టరు దగ్గర. కొన్నాళ్ళకే అది తన దారి కాదని తేల్చుకుని, 1774లో లిచ్‌ఫీల్డ్‌లో ఉన్న బావగారు ట్యాపింగ్ రీవ్ ఇంటికి వెళ్ళి లా పుస్తకాలు పట్టాడు. ఈ రీవ్ గారే తర్వాత అక్కడ లా స్కూలు నడిపాడు, అమెరికాలో మొట్టమొదటి లా స్కూళ్ళలో దాన్ని లెక్కేస్తారు. బావ దగ్గర చదువు మొదలైందో లేదో యుద్ధం వచ్చిపడింది.

యుద్ధంలో నిజంగా పోరాడాడా? వాషింగ్టన్‌తో ఎందుకు పడలేదు?

గట్టిగానే పోరాడాడు. 1775లో పంతొమ్మిదేళ్ళ వయసులో బెనెడిక్ట్ ఆర్నాల్డ్ దండుతో మెయిన్ అడవుల్లోంచి క్వెబెక్ దాకా నడిచాడు. బయల్దేరింది దాదాపు 1,100 మంది, ఆకలికీ చలికీ తట్టుకుని చేరింది సుమారు 600. ఆ డిసెంబరు 31న క్వెబెక్ మీద దాడిలో జనరల్ మాంట్‌గామరీ చనిపోయినప్పుడు పక్కనే ఉన్నాడు. 1776లో వాషింగ్టన్ ఆఫీసులో కొద్దిరోజులు పనిచేసి, అది నచ్చక జనరల్ పట్నమ్ దగ్గరికి మారిపోయాడు. ఆ ఏడాదే న్యూయార్క్ వదిలి వెనక్కి తగ్గుతున్నప్పుడు చిక్కుకుపోయిన ఒక బ్రిగేడ్‌ని దారి చూపించి బయటికి తెచ్చాడు, దానికి వాషింగ్టన్ నుంచి మెప్పు రాలేదు. బర్‌కి అది మనసులో ఉండిపోయిందని చరిత్రకారులు అంటారు. వాషింగ్టన్ వైపు నుంచి చూస్తే, చుట్టూ ఉన్న కుర్రాళ్ళలో తనకి దాసోహం అననివాడు ఈయన. 1778లో మన్మత్ యుద్ధంలో ఎండదెబ్బ తగిలి ఆరోగ్యం పాడైంది, 1779 మార్చిలో లెఫ్టినెంట్ కర్నల్‌గా రాజీనామా చేశాడు. జీవితాంతం జనం ఆయన్ని కర్నల్ బర్ అనే పిలిచారు.

## కోర్టులో

మూడేళ్ళు చదవకుండానే సన్నదు తెచ్చుకున్నాడా?

అవును, రూలు సడలించమని అడిగి మరీ. న్యూయార్క్‌లో అప్పుడు లాయరు కావాలంటే మూడేళ్ళు ఎవరైనా లాయరు దగ్గర చదవాలి. బర్ వాదన ఏంటంటే, నేను చదువు ఆపింది షికార్లకి కాదు, దేశం కోసం యుద్ధానికి వెళ్ళి. దానికి నన్నే శిక్షిస్తారా? కోర్టు ఒప్పుకుంది. 1782 జనవరిలో ఆల్బనీలో సన్నదు వచ్చింది. అదే సమయానికి బ్రిటిష్ పక్షం వహించిన లాయర్లని ప్రాక్టీసు చెయ్యనివ్వకుండా చట్టం చేశారు, దాంతో ఉన్న కేసులన్నీ బర్, హామిల్టన్ లాంటి కొత్త కుర్రాళ్ళ చేతికొచ్చాయి. తన మొదటి కేసు తనే వాదించుకుని గెలిచినట్టు.

హామిల్టన్, బర్ కలిసి ఒకే ముద్దాయి తరఫున వాదించారంటే నమ్మబుద్ధి కావట్లేదు.

వాదించారు. ఇద్దరి ఆఫీసులూ ఒకే ఊళ్ళో, క్లయింట్లు అటూ ఇటూ తిరిగేవాళ్ళే, చాలా కేసుల్లో ఒకే పక్షాన కూర్చున్నారు. వాటిలో పేరు మోసింది 1800 నాటి లెవై వీక్స్ హత్య కేసు. 1799 డిసెంబరు 22 రాత్రి గుల్యెల్మా శాండ్స్ అనే అమ్మాయి ఇంట్లోంచి బయటికెళ్ళింది, జనవరి 2న శవం ఒక బావిలో తేలింది. ఆ ఇంట్లోనే అద్దెకుండే వడ్రంగి వీక్స్ మీద నేరం మోపారు, ఊరంతా ఉరి తియ్యాలని అరుస్తోంది. అతని తరఫున బర్, హామిల్టన్, బ్రాక్‌హోల్స్ట్ లివింగ్‌స్టన్. విచిత్రం ఏంటంటే ఆ బావి బర్ పెట్టిన నీళ్ళ కంపెనీదే, ముద్దాయి అన్నయ్య ఎజ్రా ఆ కంపెనీకి కలప అమ్మినవాడూ, హామిల్టన్‌కి ఇల్లు కట్టినవాడూ. విచారణ రెండు రోజులు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా నడిచింది. జ్యూరీ అయిదు నిమిషాల్లో నిర్దోషి అని తేల్చింది. కోర్టులో మాట్లాడిన మాటలు పూర్తిగా రాసిపెట్టిన తొలి అమెరికన్ హత్య విచారణ ఇదే కాబట్టి ఇప్పటికీ చదువుకోవచ్చు. చంపింది ఎవరో మాత్రం తేలలేదు.

వాదించే తీరు ఎలా ఉండేది? గొప్ప వక్తా?

హామిల్టన్ గంటల తరబడి మాట్లాడేవాడు, సిద్ధాంతం దగ్గర్నుంచి మొదలుపెట్టి. బర్ తక్కువ మాట్లాడేవాడు, గొంతు పెంచేవాడు కాదు, అవతలివాళ్ళ కాగితాల్లో ఎక్కడ సందు ఉందో వెతికి అక్కడ వేలు పెట్టేవాడు. ధైర్యంగా చెప్పి, నమ్మించేలా నిలబెట్టగలిగిందే చట్టం అన్న మాట ఆయన పేరు మీద తిరుగుతుంది. నిజంగా అన్నాడో లేదో గానీ, అన్నాడంటే నమ్మేట్టే ఉంటుంది.

అంత ప్రాక్టీసు ఉండి ఎప్పుడూ అప్పుల్లోనే ఎందుకున్నాడు?

చెయ్యి నిలవదు. రిచ్‌మండ్ హిల్ అనే పెద్ద బంగళా తీసుకున్నాడు, ఒకప్పుడు వాషింగ్టన్ మకాం, ఆ తర్వాత వైస్ ప్రెసిడెంటుగా జాన్ ఆడమ్స్ ఉన్న ఇల్లు. పుస్తకాలు, వైన్, విందులు, అడిగినవాళ్ళకి లేదనకుండా ఇవ్వడం, స్నేహితుల నోట్లకి హామీ సంతకాలు, వీటికి తోడు భూముల మీద బేరాలు. వైస్ ప్రెసిడెంటు జీతం ఏడాదికి 5,000 డాలర్లు, ప్రాక్టీసుతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. చివరికి ఆ బంగళా స్థలం జాన్ జాకబ్ ఆస్టర్ చేతికి పోయింది, ఆయన ప్లాట్లు వేసి లాభపడ్డాడు.

## ఇల్లు, పిల్లలు

తనకన్నా పదేళ్ళు పెద్దావిడని, అదీ బ్రిటిష్ ఆఫీసర్ భార్యని పెళ్ళి చేసుకున్నాడా?

థియోడోసియా బార్టో ప్రెవోస్ట్. భర్త బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు, ఈవిడ న్యూజెర్సీలో హెర్మిటేజ్ అనే ఇంట్లో అయిదుగురు పిల్లలతో ఉండేది. 1778లో వాషింగ్టన్‌ని ఆ ఇంట్లోనే దింపుకుంది, అలా ఇల్లు జప్తు కాకుండా కాపాడుకుందని చెప్పుకోవాలి. 1781లో భర్త జమైకాలో చనిపోయాడు, 1782 జులైలో బర్‌తో పెళ్ళయింది. ఫ్రెంచి చదివేది, రాజకీయం మాట్లాడేది, బర్ ఉత్తరాల్లో ఆవిడతో వాదించేవాడు. 1794లో జబ్బుచేసి పోయింది.

కూతుర్ని కొడుకులా చదివించాడని ఎందుకంత గొప్పగా చెప్తారు?

ఆ రోజుల్లో ఎవరూ చెయ్యనిది కాబట్టి. కూతురి పేరు కూడా థియోడోసియానే, 1783లో పుట్టింది. లాటిన్, గ్రీకు, లెక్కలు, అన్నీ. ఊళ్ళో లేనప్పుడు రోజూ ఏం చదివావో రాసి పంపమనేవాడు, తప్పులు దిద్ది తిరిగి పంపేవాడు. పద్నాలుగేళ్ళకే ఆ అమ్మాయి తండ్రి లేకపోయినా ఇంటికి వచ్చిన అతిథులకి విందు నడిపించేది. ఆడవాళ్ళకి మగవాళ్ళంత బుర్ర ఉందని నిరూపిస్తానని భార్యకి ఉత్తరాల్లో చెప్పుకున్న మనిషి ఆయన. బాగుంది గానీ, పాపం ఆ పిల్ల మీద ఎంత ఒత్తిడో కూడా ఆ ఉత్తరాల్లోనే కనిపిస్తుంది.

కలకత్తాలో పుట్టిన ఒకావిడతో పిల్లలున్నారని విన్నాను. నిజమేనా?

పిల్లల సంగతి నిజమే. ఆవిడ పేరు మేరీ ఎమన్స్, బర్ ఇంట్లో పనిచేసేది. కలకత్తాలో పుట్టిందని వంశంలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఇద్దరు పిల్లలు, లూయిసా షార్లెట్, జాన్ పియర్. భార్య బతికుండగానే పుట్టారు, బర్ ఎప్పుడూ బయటికి ఒప్పుకోలేదు. జాన్ పియర్ బర్ ఫిలడెల్ఫియాలో మంగలి పని చేస్తూ, బానిసత్వానికి వ్యతిరేకంగా గట్టిగా పనిచేసి, పారిపోయి వచ్చిన బానిసలకి ఆశ్రయమిచ్చాడు. వీళ్ళ వారసులు చెప్పేదాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. డీఎన్ఏ పరీక్ష తర్వాత 2018లో ఆరన్ బర్ అసోసియేషన్ అధికారికంగా ఒప్పుకుంది.

బానిసత్వం విషయంలో ఆయన ఏ పక్షం?

రెండు పక్షాలూ. 1785లో న్యూయార్క్ అసెంబ్లీలో మెల్లమెల్లగా విడుదల చేసే బిల్లు వస్తే, మెల్లగా కాదు, ఇప్పుడే రద్దు చెయ్యండి అని సవరణ పెట్టాడు, ఓడిపోయాడు. అదే మనిషి ఇంట్లో బానిసలున్నారు. దీనికి ఆయన జవాబు ఎక్కడా రాసిపెట్టలేదు.

## రాజకీయం

హామిల్టన్‌తో గొడవ ఎక్కడ మొదలైంది?

1791లో. అంతకుముందు గవర్నర్ జార్జ్ క్లింటన్ బర్‌ని న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా పెట్టాడు. అప్పుడు సెనేటర్లని రాష్ట్ర శాసనసభే ఎన్నుకునేది. ఆ ఏడాది బర్ నిలబడి ఓడించింది ఫిలిప్ స్కైలర్‌ని, అంటే హామిల్టన్ మామగారిని. ఆర్థికమంత్రిగా హామిల్టన్‌కి సెనేట్‌లో ఒక నమ్మకమైన ఓటు పోయింది. 1792 కల్లా ఈ మనిషి ఎదుగుదలని అడ్డుకోవడం తన మతధర్మం అన్నంత దూరం ఉత్తరాల్లో వెళ్ళాడు హామిల్టన్. బర్ మాత్రం హామిల్టన్ గురించి కాగితం మీద పెద్దగా ఏమీ పెట్టలేదు.

నీళ్ళ కంపెనీ పేరుతో బ్యాంకు పెట్టాడంటారు, ఎలా?

నా దృష్టిలో ఆయన జీవితంలో మొత్తం మనిషి కనిపించేది ఇక్కడే. 1790ల్లో న్యూయార్క్ నగరంలో రెండే బ్యాంకులు, ఒకటి హామిల్టన్ పెట్టింది, రెండోది ఫెడరల్ బ్యాంకు శాఖ. రెండూ ఫెడరలిస్టుల (హామిల్టన్ పార్టీ) చేతుల్లోనే. రిపబ్లికన్ (జెఫర్సన్, బర్‌ల పార్టీ, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు) వ్యాపారులకి అప్పు పుట్టడం కష్టం, కొత్త బ్యాంకుకి చార్టర్ (ప్రభుత్వ అనుమతి పత్రం) అడిగితే శాసనసభ ఇవ్వదు. 1798లో పచ్చజ్వరం వచ్చి ఊళ్ళో రెండు వేలమంది దాకా చచ్చిపోయారు, మంచినీళ్ళు లేకపోవడం వల్లే అని అందరూ నమ్మారు. బర్ మంచినీళ్ళ కంపెనీ పెడతానన్నాడు. హామిల్టన్ కూడా సాయం చేశాడు! 1799 ఏప్రిల్‌లో మాన్‌హట్టన్ కంపెనీకి చార్టర్ వచ్చింది, 20 లక్షల డాలర్ల పెట్టుబడితో. చివర్లో ఒక చిన్న క్లాజు ఉంది: మిగిలిన డబ్బుని చట్టానికి విరుద్ధం కాని ఏ లావాదేవీలోనైనా వాడుకోవచ్చు. సభ్యులు చాలామంది సరిగ్గా చదవలేదు. సెప్టెంబరు 1న వాల్ స్ట్రీట్‌లో బ్యాంకు తెరుచుకుంది.

నీళ్ళ మాటేంటంటే, దేవదారు దుంగలు తొలిచి గొట్టాలు వేశారు, కొన్ని ఇళ్ళకి నీళ్ళు వచ్చాయి కూడా, కానీ మనసు పెట్టి చేసిన పని కాదు. ఊరికి సరైన నీళ్ళు 1842లో క్రోటన్ కాలువతో గానీ రాలేదు. ఆ బ్యాంకు 1955లో చేజ్ నేషనల్‌తో కలిసి చేజ్ మాన్‌హట్టన్ అయింది, ఇప్పటి జేపీ మోర్గాన్ చేజ్ పూర్వీకుల్లో అదొకటి. జనం ఊరుకోలేదు, ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో బర్‌ని ఓడించారు. చట్టప్రకారం తప్పు లేదు, దాహంతో ఉన్న ఊరికి మాత్రం అన్యాయమే చేశాడని నా అభిప్రాయం.

1800 ప్రెసిడెంటు ఎన్నికలో జెఫర్సన్‌కీ బర్‌కీ టై ఎలా అయింది? ఇద్దరూ ఒకే పార్టీ కదా?

రాజ్యాంగంలో ఉన్న లొసుగు వల్ల. ప్రతి ఎలక్టర్‌కీ (రాష్ట్రం తరఫున ప్రెసిడెంటుని ఎన్నుకునే ప్రతినిధికి) రెండు ఓట్లు, ఫలానాది ప్రెసిడెంటుకి, ఫలానాది వైస్ ప్రెసిడెంటుకి అని విడిగా రాసే వీలు లేదు. ఎక్కువ వచ్చినవాడు ప్రెసిడెంటు, తర్వాతివాడు వైస్. రిపబ్లికన్ ఎలక్టర్లలో ఒకరు బర్‌కి వెయ్యకుండా ఆపాల్సింది, ఎవరూ ఆపలేదు. జెఫర్సన్‌కి 73, బర్‌కి 73, ఆడమ్స్‌కి 65. తేల్చాల్సింది ప్రతినిధుల సభ, రాష్ట్రానికి ఒక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 రావాలి. ఆ సభలో ఓడిపోయిన ఫెడరలిస్టుల బలం ఎక్కువ, వాళ్ళు జెఫర్సన్ కన్నా బర్ నయం అనుకున్నారు. 1801 ఫిబ్రవరి 11 నుంచి వారం రోజులు 8-6 దగ్గరే ఆగింది, రెండు రాష్ట్రాల సభ్యులు సమానంగా చీలిపోవడంతో వాటి ఓటు ఎటూ పడలేదు. డెలవేర్‌కి ఉన్న ఒకే ఒక్క సభ్యుడు జేమ్స్ బేయర్డ్ ఇక చాలనుకున్నాక, 36వ సారి ఓటింగులో జెఫర్సన్ 10 రాష్ట్రాలతో గెలిచాడు. ఈ గొడవ మళ్ళీ రాకుండా 1804లో పన్నెండో సవరణ తెచ్చారు.

టై అయినప్పుడు బర్ నేను తప్పుకుంటున్నా అనేస్తే సరిపోయేది కదా?

సరిపోయేదేమో. జెఫర్సన్‌తో పోటీ పడే ఉద్దేశం లేదని ముందు ఒక ఉత్తరం రాశాడు, అది పత్రికల్లో కూడా వచ్చింది. కానీ సభ తననే ఎన్నుకుంటే ఒప్పుకోను అని మాత్రం ఎక్కడా అనలేదు. అలాగని ఫెడరలిస్టులతో బేరమాడినట్టు గట్టి ఆధారమూ లేదు, ఒక్క మాట ఇచ్చి ఉంటే గెలిచేవాడని వాళ్ళే వాపోయారు. ఆల్బనీలో మౌనంగా కూర్చున్నాడు. కోర్టులో మౌనం ముద్దాయిని కాపాడుతుంది, రాజకీయంలో మౌనంగా ఉన్నవాడి గురించి ప్రతివాడూ తనకి తోచింది రాసుకుంటాడు. జెఫర్సన్ ఆ తర్వాత ఆయన్ని నమ్మలేదు, 1804 టికెట్టు మీంచి తీసేసి జార్జ్ క్లింటన్‌ని పెట్టుకున్నారు.

సెనేట్‌లో ఫిలిబస్టర్‌కి కారణం బర్ అనడం కరెక్టేనా?

సగం కరెక్టు. వైస్ ప్రెసిడెంటే సెనేట్‌కి అధ్యక్షత వహిస్తాడు కాబట్టి, 1805లో పదవి దిగుతూ సెనేట్ నియమావళిలో అనవసరమైనవి తీసెయ్యమని సలహా ఇచ్చాడు, అందులో చర్చని ముగించి ఓటింగుకి పెట్టడానికి పనికొచ్చే ఒక తీర్మానం ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా వాడట్లేదన్నాడు. 1806లో తీసేశారు. ఫిలిబస్టర్, అంటే ఎడతెగని ప్రసంగాలతో బిల్లుని ఆపే అలవాటు, దశాబ్దాల తర్వాత వచ్చింది. తలుపు గడియ తీసింది ఈయనే గానీ, లోపలికి వచ్చినవాళ్ళు వేరే.

## డ్యూయెల్

అసలు హామిల్టన్ ఏమన్నాడని డ్యూయెల్‌కి పిలిచాడు?

1804 ఏప్రిల్‌లో బర్ న్యూయార్క్ గవర్నర్ పదవికి పోటీ చేసి మోర్గాన్ లూయిస్ చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. ఆ సమయంలో ఆల్బనీలో ఒక విందులో హామిల్టన్ బర్ గురించి అన్న మాటల్ని చార్లెస్ కూపర్ అనే డాక్టర్ ఒక ఉత్తరంలో రాశాడు, అది పేపర్లో వచ్చింది. బర్ ప్రమాదకరమైన మనిషి అన్నాడని, ఇంకా నీచమైన అభిప్రాయం కూడా చెప్పాడనీ అందులో ఉంది. ఆ నీచమైన అభిప్రాయం ఏంటో కూపర్ రాయలేదు. జూన్ 18న బర్ హామిల్టన్‌ని వివరణ అడిగాడు. హామిల్టన్ సూటిగా జవాబివ్వకుండా ఒక పదానికి ఎన్ని అర్థాలుంటాయో పాఠం చెప్పాడు. ఇద్దరూ లాయర్లు కావడం వల్ల వచ్చిన తంటా ఇది, ఉత్తరాల మీద ఉత్తరాలు, ప్రతి మాటకీ పీకులాట, చివరికి ఎవరికీ వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

ఆ రోజు ఎవరు ముందు కాల్చారు?

చూసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళిద్దరి మాటా కలవలేదు. 1804 జులై 11 ఉదయం ఏడింటికి, హడ్సన్ అవతలి ఒడ్డున న్యూజెర్సీలోని వీహాకెన్ కొండ కింద. బర్ వైపు విలియం వాన్ నెస్, హామిల్టన్ వైపు నథానియల్ పెండిల్టన్. రెండు కాల్పులు జరిగాయి, మధ్యలో కొన్ని క్షణాల తేడా ఉంది. మొదటిసారి కాల్చకుండా వదిలేద్దామనుకుంటున్నానని హామిల్టన్ ముందే ఒక కాగితం రాసిపెట్టాడు, కానీ బర్‌కి ఆ సంగతి తెలియదు. గుండు హామిల్టన్ కుడి నడుం పైన దిగి వెన్నెముకలో ఆగింది, మర్నాడు మధ్యాహ్నం చనిపోయాడు. అంతకు మూడేళ్ళ ముందే ఆయన పెద్దకొడుకు ఫిలిప్ కూడా న్యూజెర్సీ ఒడ్డునే డ్యూయెల్‌లో పోయాడు.

వైస్ ప్రెసిడెంటు మనిషిని చంపితే అరెస్టు చెయ్యలేదా?

కేసులు పెట్టారు, పట్టుకోలేదు. న్యూయార్క్‌లో డ్యూయెల్‌కి పిలిచిన నేరం, న్యూజెర్సీలో ఏకంగా హత్య. బర్ ఫిలడెల్ఫియాకి, అక్కణ్ణుంచి జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవికి వెళ్ళి కొన్నాళ్ళు తలదాచుకున్నాడు. డ్యూయెల్ చట్టవిరుద్ధమే అయినా పెద్దమనుషుల మధ్య జరిగినదానికి శిక్ష వెయ్యడం అరుదు, దక్షిణాదిలోనైతే ఆయన్ని ఆదరించారు కూడా. న్యూజెర్సీ హత్య కేసుని 1807లో కొట్టేశారు.

ఆ తర్వాత కూడా సెనేట్‌లో అధ్యక్షత వహించాడా? సిగ్గులేదా జనానికి?

వహించాడు. హత్య కేసు నెత్తిన ఉండగానే నవంబరులో వాషింగ్టన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. 1805 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి శామ్యూల్ చేజ్ ఇంపీచ్‌మెంట్ విచారణ ఆయన అధ్యక్షతనే జరిగింది. సొంత పార్టీకి చేజ్‌ని దింపెయ్యాలని ఉన్నా, ఈయన కోర్టు పద్ధతిలో ఎటూ మొగ్గకుండా నడిపాడు. 34 మందిలో 23 ఓట్లు కావాలి, ఏ ఆరోపణకీ 19 మించి రాలేదు, చేజ్ నిలబడ్డాడు. రాజకీయ కక్షతో జడ్జిల్ని తీసేసే అలవాటు అమెరికాలో మొదలు కాకుండా పోయింది ఈ తీర్పు వల్లే. మర్నాడు మార్చి 2న బర్ వీడ్కోలు ప్రసంగం చేస్తే సెనేటర్లలో కొందరు ఏడ్చారు.

## దేశద్రోహం కేసు

పశ్చిమాన సొంత రాజ్యం పెట్టాలనుకున్నాడా? అసలు ప్లాన్ ఏంటి?

ఎవరికి ఎలా చెప్తే సాయం దొరుకుతుందో అలా చెప్పాడు, చిక్కు అక్కడే. బ్రిటిష్ రాయబారి ఆంథొనీ మెర్రీకి పశ్చిమ రాష్ట్రాలు విడిపోయేలా చేస్తానన్నాడు, డబ్బు అడిగాడు. ఆండ్రూ జాక్సన్ లాంటి టెన్నెసీవాళ్ళకి స్పెయిన్ మీద యుద్ధమొస్తే మెక్సికో మీదికి వెళ్దామన్నాడు. కూడా వచ్చిన కుర్రాళ్ళకి ఔచిటా నది దగ్గర బాస్ట్రోప్ భూముల్లో వ్యవసాయం అన్నాడు, ఆ భూమికి నిజంగానే డబ్బు కట్టాడు కూడా. నాకైతే మెక్సికో మాట నిజమనిపిస్తుంది, మిగతావి పెట్టుబడి కోసం చెప్పిన కథలు.

మరి దొరికిపోయింది ఎలా?

భాగస్వామే పట్టిచ్చాడు. జనరల్ జేమ్స్ విల్కిన్సన్, అమెరికా సైన్యాధిపతి, లూసియానా భూభాగానికి గవర్నరు, రహస్యంగా స్పెయిన్ దగ్గర జీతం తీసుకునే గూఢచారి. ఆటలో ఉండటం కన్నా బయటపెడితే లాభమని చూసుకుని, బర్ రాసినట్టు చెప్తున్న సంకేతలిపి ఉత్తరాన్ని జెఫర్సన్‌కి పంపాడు. ఆ ఉత్తరం రాసింది బర్ కాకపోవచ్చని తర్వాతి పరిశోధకులు తేల్చారు. 1806 నవంబరు 27న జెఫర్సన్ ప్రకటన చేశాడు. 1807 ఫిబ్రవరిలో ఇప్పటి అలబామాలో, మారువేషంలో గుర్రం మీద పోతుండగా బర్ దొరికాడు.

అన్ని సాక్ష్యాలుండి నిర్దోషిగా ఎలా వదిలేశారు?

ఉన్న సాక్ష్యాలు చట్టం అడిగినవి కావు. రాజ్యాంగంలో దేశద్రోహం అంటే దేశం మీద యుద్ధం చెయ్యడమో, శత్రువుకి సాయం చెయ్యడమో. అదీ ఒకే బహిరంగ చర్యని ఇద్దరు సాక్షులు చూసి చెప్పాలి. ప్రభుత్వం పట్టుకున్న చర్య, 1806 డిసెంబరులో ఒహాయో నదిలో బ్లెనర్‌హాసెట్ దీవి దగ్గర సుమారు ముప్ఫైమంది పోగవడం. ఆ రోజు బర్ అక్కడ లేడు, కెంటకీలో ఉన్నాడు. దీవి అప్పటి వర్జీనియాలోది కాబట్టి విచారణ రిచ్‌మండ్‌లో, చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ ముందు. బర్ తరఫున లూథర్ మార్టిన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, జాన్ వికమ్ లాంటి హేమాహేమీలున్నా వ్యూహం ముద్దాయిదే, సాక్షుల్ని తనే ప్రశ్నించాడు. మనసులో అనుకోవడం వేరు, యుద్ధం చెయ్యడం వేరు అని మార్షల్ తేల్చాక మిగతా సాక్ష్యాలు చాలావరకు లోపలికి రాలేదు. 1807 సెప్టెంబరు 1న జ్యూరీ, మా ముందు పెట్టిన సాక్ష్యంతో ఈ అభియోగం కింద నేరం రుజువు కాలేదు అంది. బర్ ఆ మాటల తీరుకి అభ్యంతరం చెప్పాడు! మార్షల్ రికార్డులో మామూలుగా నిర్దోషి అనే రాయించాడు.

ప్రెసిడెంటుకే సమన్లు పంపించాడట?

అవును, జెఫర్సన్‌కి. ముద్దాయిగా తన మీద వాడిన కాగితాలు చూసే హక్కు తనకుందని, విల్కిన్సన్ ఉత్తరాలు పంపమని కోర్టుని అడిగాడు. ప్రెసిడెంటు రాజు కాదు, సమన్లు ఇవ్వొచ్చని మార్షల్ అన్నాడు. జెఫర్సన్ స్వయంగా రాలేదు, కాగితాలు కొన్ని పంపాడు. 1974లో నిక్సన్ టేపుల కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఉదహరించింది. ముద్దాయిగా బర్ అడిగిన ఈ హక్కు, ఆయన చట్టసభల్లో చేసిన పనులన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది.

## యూరప్, తిరిగి రాక, చివరి రోజులు

నిర్దోషి అయ్యాక యూరప్‌కి ఎందుకు పారిపోయాడు?

అప్పులవాళ్ళు, ఎక్కడికెళ్ళినా అరిచే జనం. 1808 జూన్‌లో మారుపేరుతో ఓడెక్కాడు. లండన్‌లో తత్వవేత్త జెరెమీ బెంతమ్ ఇంట్లో అతిథిగా ఉన్నాడు, ఇంగ్లండ్ వెళ్ళగొడితే స్వీడన్ వెళ్ళి అక్కడి కోర్టుల పద్ధతులు చదివాడు, జర్మనీ మీదుగా ప్యారిస్ చేరి మెక్సికో పథకంతో నెపోలియన్‌ని కలవాలని తిరిగాడు. ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. పాస్‌పోర్టు ఇవ్వకపోవడంతో ఏడాదికి పైగా ప్యారిస్‌లో చిక్కుకుపోయి, పొయ్యిలోకి కట్టెలు కూడా లేని స్థితికి వచ్చాడు. కూతురి కోసం రాసుకున్న డైరీలో ఇదంతా ఉంది, ఏడుపు లేకుండా, హాస్యంగా.

కూతురు థియోడోసియా ఏమైంది?

1812లో బర్ న్యూయార్క్ తిరిగొచ్చాడు. ఆ జూన్ 30న ఆవిడ ఒక్కగానొక్క కొడుకు పదేళ్ళ వయసులో జ్వరంతో పోయాడు. భర్త జోసెఫ్ ఆల్‌స్టన్ ఆ డిసెంబరులోనే సౌత్ కరోలినా గవర్నరయ్యాడు, రాష్ట్రం వదలడానికి వీల్లేదు. అందుకని ఆ నెలాఖరున ఆవిడే తండ్రిని చూడ్డానికి జార్జ్‌టౌన్ రేవులో పేట్రియట్ అనే ఓడెక్కింది. ఓడ చేరలేదు. సముద్రపు దొంగలు, ఒడ్డున దొరికిందని చెప్పే ఆవిడ చిత్రపటం అంటూ ఎన్నో కథలు పుట్టాయి. తుఫానులో మునిగిందనేదే సబబుగా ఉంది.

అంత జరిగాక క్లయింట్లు ఎలా వచ్చారు?

కేసు గెలిపిస్తాడని తెలుసు కాబట్టి. సమాజం విందులకి పిలవలేదు, వ్యాజ్యాలు మాత్రం పంపింది. మెడ్సెఫ్ ఈడెన్ కుటుంబం ఆస్తి కేసు చూడండి, న్యూయార్క్‌లో పెద్ద పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయి ఆశలొదులుకున్న భూముల్ని, వీలునామా మాటల్లో పట్టు చూసి, ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కే కోర్టులో తిరిగి గెలిపించాడు. ఆ వారసుల ఆడపిల్లల్ని తన ఇంట్లోనే పెట్టుకుని చదివించాడు కూడా.

77 ఏళ్ళకి మళ్ళీ పెళ్ళా?

1833 జులై 1న, ఎలైజా జుమెల్ అనే డబ్బున్న వితంతువుతో. ఆవిడ డబ్బు భూముల బేరాల్లో పోగొట్టాడు, నెలల్లో విడిపోయారు, 1834లో ఆవిడ విడాకులకి కోర్టుకెళ్ళింది. ఆవిడ లాయరు ఎవరనుకున్నారు? అలెగ్జాండర్ హామిల్టన్ జూనియర్, చనిపోయిన హామిల్టన్ కొడుకు. విడాకులు ఖరారైన రోజు 1836 సెప్టెంబరు 14, అదే రోజు స్టాటెన్ ఐలాండ్‌లో బర్ పోయాడు.

అన్నీ శత్రువుల మాటలే ఎందుకు దొరుకుతాయి? ఆయన వైపు కథ ఏది?

జెఫర్సన్, హామిల్టన్ వేలకొద్దీ పేజీలు రాసి భద్రపరిచారు. బర్ రాసిన వాటిని అవసరం తీరాక ఉంచుకునే మనిషి కాదు, దాచిన కొద్దిపాటి కాగితాల పెట్టెల్లో చాలా భాగం కూతురితో పాటు సముద్రంలో పోయాయి. మిగిలినవి మిత్రుడు మాథ్యూ డేవిస్ చేతికొచ్చాయి, ఆడవాళ్ళ ఉత్తరాలన్నీ ఆయన తగలబెట్టాడు. అందుకే ఎవరైనా బర్ మనసులో ఇదే ఉంది అని ఖాయంగా చెప్తే కొంచెం అనుమానించండి.

న్యూజెర్సీ, న్యూయార్క్‌లో ఉంటాం. చూడ్డానికి ఏమున్నాయి?

ప్రిన్స్‌టన్ శ్మశానంలో తండ్రీ తాతల దగ్గరే ఆయన సమాధి, ఊళ్ళో నడిచే దూరం. హో-హో-కస్‌లో హెర్మిటేజ్ ఇల్లు మ్యూజియం. వీహాకెన్‌లో డ్యూయెల్ జరిగిన అసలు చోటు 1870లో రైలుపట్టాల కోసం తవ్వేశారు, ఇప్పుడు కొండ మీద హామిల్టన్ విగ్రహం, ఆయన తల ఆనించాడని చెప్పే రాయి ఉన్నాయి. మాన్‌హట్టన్‌లో ఎలైజా ఇల్లు మోరిస్-జుమెల్ మాన్షన్, హామిల్టన్ గ్రేంజ్ అక్కణ్ణుంచి దగ్గరే, ఒకే రోజు రెండూ అయిపోతాయి. గుల్యెల్మా శాండ్స్ శవం దొరికిన ఇటుకల బావి సోహోలో స్ప్రింగ్ స్ట్రీట్ 129 నంబరు బిల్డింగులో ఇంకా ఉంది. ఇళ్ళ మ్యూజియాలు వారమంతా తెరవరు, వెళ్ళేముందు రోజులు చూసుకోండి.